అమ్మ ముడేసిన ఆకుదండ

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. దేవుడి మీద కూడా ఇంటర్వ్యూకి ముందురోజు మాత్రమే ఉంటుంది. హాస్టల్లో చదివే రోజుల్లో నీళ్ళ ట్యాంకు మీద తెల్లచీర ఆడుతోందని అందరూ దుప్పట్లు ముసుగేస్తే, పైకెక్కి అది వార్డెన్ గారి పంచె అని తేల్చి వచ్చినవాణ్ణి. కాబట్టి ఇది నమ్మమని మిమ్మల్ని బతిమాలను. నేనే ఇంకా సగంలో ఉన్నాను.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఇందులో అర్ధరాత్రి లేదు, ఈదురుగాలి లేదు, కుక్క ఏడవలేదు. కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో, ఆదివారం పట్టపగలు, వీధిలో ఎవరో రాలిన ఆకులు ఊదే లీఫ్ బ్లోయర్‌తో చెవులు తూట్లు పొడుస్తుండగా జరిగింది.

నేను అక్కా బావల ఇంట్లోనే ఉంటాను. అక్కకి అప్పుడు తొమ్మిదో నెల. ఇది మూడోసారి. మొదటి రెండూ నిలవలేదు. రెండోది ఆరో నెల దాటాక పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఉయ్యాల, గౌను, పేరు లాంటి మాటలు ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు. ఈసారి ఏడో నెల వచ్చేదాకా అక్క ఆఫీసులో కూడా చెప్పలేదు. వీడియో కాల్‌లో భుజాల వరకే కనిపిస్తాం కాబట్టి కుదిరింది. ఇదీ పోతే ఇంకోసారి ప్రయత్నించనని బావతో అందట. బావ ఆ మాట నాకు కార్లో చెప్పి, సిగ్నల్ పచ్చ పడినా బండి కదపలేదు.

పురిటికి అమ్మ ఇండియా నుంచి దిగింది, సూట్‌కేసులో సగం ఇంగువ, సగం భయం.

మా ఎదురింట్లో ఆంటీ మోమీ ఉంటుంది. హవాయిలో పుట్టి, అక్కడే స్కూల్ టీచరుగా రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చేసింది. వాళ్ళ దగ్గరా పెద్దవాళ్ళని ఆంటీ అనే అంటారట. మనం పేరు చివర తగిలిస్తాం, వాళ్ళు ముందు తగిలిస్తారు, అంతే తేడా. గరాజ్ తలుపు పైకెత్తి, కుర్చీ వేసుకుని, ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతూ ఉండేది. మొగలి జాతి ఆకులు చీల్చి చాపలూ టోపీలూ, టీ ఆకులతో దండలూ. ఈ టీ మనం తాగేది కాదు. వెడల్పాటి పొడుగాటి ఆకుల మొక్క. ఇంటి నాలుగు మూలలా నాటుకుంది. అది కాపలా ఉంటే చెడ్డది లోపలికి రాదట.

"మాకు గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ ఉన్నాయి ఆంటీ, అవసరమైతే పప్పులోకీ వస్తాయి" అన్నాను.

ఆవిడ నవ్వింది. నా జోకులకి నవ్వే మనిషి అమెరికాలో ఆవిడొక్కతే.

ఆకు మధ్య ఈనె తీసేసి, వాడ్చి మెత్తబరిచి, ఒక కొస కాలి బొటనవేలికి తగిలించుకుని రెండు పాయలుగా పురి పెట్టేది. కోపంగా ఉన్నరోజు ఆకు ముట్టేది కాదు. చేసేవాళ్ళ లోపలున్నది వేళ్ళలోంచి దండలోకి దిగి, వేసుకున్నవాళ్ళకి అందుతుందట. అలాగైతే నేను రాసిన కోడ్ ఎవరూ వాడకూడదు అన్నాను. దానికీ నవ్వింది.

అక్క సీమంతం రోజు పొద్దున్నే ఆవిడ ఒక ఆకుదండ తెచ్చి స్వయంగా అక్క మెడలో వేసింది. కండువా వేసినట్టు రెండు కొసలూ అటొకటి ఇటొకటి వేలాడుతున్నాయి. అక్క కడుపు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, వాళ్ళ భాషలో ఏదో అని, మనవరాలి డాన్స్ ప్రోగ్రాం ఉందని వెళ్ళిపోయింది.

గాజులు తొడిగే వేళకి అమ్మ దృష్టి ఆ కొసల మీద పడింది.

"ఇదేమిటే, పాపం సగంలో ఆపేసిందావిడ? కొసలే కలపలేదు."

"అలాగే బావుందిలే అమ్మా" అంది అక్క.

"ఏం బావుండటం? కొసలు కలపకపోతే దండెలా అవుతుందే, తోరణం అవుతుంది గానీ. ఇలా తిరుగు."

తిప్పి ముడేసింది. ఒక్కటితో ఆగితే మా అమ్మ ఎందుకవుతుంది? శుభకార్యంలో ఆవిడ చేతికి ముడి అంటే మూడే. ఒకదాని మీద ఒకటి, పళ్ళు బిగించి మరీ వేసింది.

"మా పెళ్ళిలో నేను వేసినవి చాల్లేదా అత్తయ్యగారూ?" అన్నాడు బావ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ జోకు నాకు ముందు తట్టనందుకు కొంచెం కుళ్ళుకుంటూ.

ముడి సంగతి ముందే చెప్పాలని ఆంటీ మోమీకి తోచలేదు, అడగాలని మాకు తోచలేదు. సీమంతం అయ్యాక అమ్మ ఆ దండని దేవుడి గదిలో అమ్మవారి పటానికి వేసింది. దేవుడి గది అంటే కోట్లు తగిలించుకునే క్లోజెట్. మా బే ఏరియాలో దేవుళ్ళకీ ఇరుకే.

రెండు వారాలు గడిచాయి. దండ ఎండి గోధుమరంగుకి తిరిగింది.

ఆ ఆదివారం పొద్దున ఇడ్లీలు తింటూ అక్క చెయ్యి ఆపింది. "రాత్రి నుంచీ కదలట్లేదు" అంది. చాలా మామూలుగా అంది. అమ్మ చేతిలో గరిటె గిన్నెలోకి జారిపోయింది. ఎవరూ చెయ్యి కడుక్కున్న గుర్తు లేదు. కార్లో ఉన్నాం.

హాస్పిటల్లో అక్క పొట్టకి పట్టీలు కట్టి మానిటర్ పెట్టారు. గుండె చప్పుడు వినిపించింది. గుర్రం పరిగెడుతున్నట్టు టకటకా. అమ్మ దణ్ణం పెట్టింది. అంతలో గుర్రం నడకలోకి దిగింది. మళ్ళీ పరుగు. మళ్ళీ నడక. ఈసారి నడకకీ నడకకీ మధ్య అడుగు పడుతుందో లేదో అన్నంత ఎడం. నర్సు అక్కని పక్కకి తిప్పింది, ఆక్సిజన్ పెట్టింది. డాక్టరమ్మ వచ్చి తెర వైపు చూస్తూ, బొడ్డుతాడు ఎక్కడో నొక్కుకుపోతోందని అనుకుంటున్నాం, ఆపరేషన్‌కి సిద్ధం చేస్తున్నాం అంది.

నాకు భయమేస్తే నోరు ఆగదు. నర్సుతో, డాక్టరమ్మతో, గోడ మీది గడియారంతో కూడా ఏదేదో వాగుతున్నాను. అక్క కళ్ళు మూసుకుని, "వీణ్ణెవరైనా తీసుకుపోండి" అంది. బావ నా భుజం పట్టుకున్నాడు. "బట్టల బ్యాగు ఇంట్లో మర్చిపోయాం. తెచ్చిపెట్టు." అప్పుడు బ్యాగుతో ఎవరికీ పని లేదు. నాకూ తెలుసు, బావకీ తెలుసు. అమ్మని వెయిటింగ్ రూంలో కూర్చోబెట్టి బయల్దేరాను.

ఇంటి ముందు కారు దిగేసరికి ఆంటీ మోమీ గరాజ్‌లోంచి చూసి లేచి వచ్చింది. మా ఇద్దరి మాటా ఇంగ్లీషే, తెలుగులో రాస్తున్నాను. సంగతి చెప్పాను. డాక్టర్ అన్న బొడ్డుతాడు మాట కూడా చెప్పాను.

"నేను చేసిన దండ ఎక్కడుంది?"

"దేవుడి పటానికి వేశాం."

"కొసలు విడిగా ఉన్నది పటానికెలా నిలిచింది?"

"అమ్మ ముడేసింది."

ఆవిడ మొహంలో రక్తం దిగిపోవడం చూశాను. "కడుపుతో ఉన్నవాళ్ళ దండ మేము మూయం నాయనా. మూస్తే తాడు బిడ్డ మెడకి పడుతుందంటారు. అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీకు తెలియదని నాకు తట్టలేదు."

పొద్దున విన్న ఆ ఎడం ఎడంగా పడిన అడుగులే తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

లోపలికి పరిగెత్తి దండ తీసి, వంటింట్లో కత్తెర అందుకున్నాను. వెనకాలే వచ్చిన ఆంటీ మోమీ నా మణికట్టు పట్టుకుంది. "ఏం కోస్తున్నావు? విప్పు."

క్లోజెట్ ముందు నేల మీద కూలబడ్డాను. నవ్వొచ్చే దృశ్యమే. ఇంజనీరింగ్ చదివిన మనిషి, చెప్పులైనా విప్పకుండా, ఎండుటాకులతో కుస్తీ. అక్కడ ఏమవుతోందో తెలియక బావకి ఫోన్ చేశాను. ఎత్తాడు. మాట్లాడలేదు. ఆ వెనక నుంచి చప్పుడు వినిపించింది. అదే గుర్రం, ఈడ్చుకుంటూ నడుస్తోంది. బావ ఫోన్ మానిటర్ దగ్గర పెట్టాడనుకున్నాను. స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టుకున్నాను.

మొదటి ముడి గోళ్ళతో పెకిలించాను. ఎండిన ఆకు పెళుసుగా విరుగుతోంది. వదులైంది. ఫోన్లో చప్పుడు కాస్త వేగం అందుకుంది. అనుకోకుండా అయి ఉంటుంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

రెండో ముడి దగ్గర కంగారులో ఒక కొస పట్టి లాగాను. అది బిగుసుకుంది. ఫోన్లో చప్పుడు ఆగింది.

తగ్గడం కాదు. ఆగింది. బయట లీఫ్ బ్లోయర్ మాత్రం వినిపిస్తోంది. "అక్కా" అన్నట్టున్నాను, లేకపోతే "అమ్మా" అన్నానో.

"లాగకు" అంది ఆంటీ మోమీ. "తడిపి, లోపలికి తొయ్యి. పురికి ఎదురు తిప్పు."

దేవుడి ముందు పంచపాత్రలో నీళ్ళున్నాయి. ముడి మీద పోశాను. ఆకు నానేదాకా వేళ్ళతో నలుపుతూ, లాగాలన్న కోరికని చంపుకుంటూ, కొసని లోపలికి తోశాను. ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ భాషలో గొణుగుతోంది. ముడి సడలింది. ఒక అడుగు వినిపించింది. తర్వాత ఇంకొకటి.

మూడో ముడి అమ్మ అన్నిటికంటే ముందు వేసింది, అన్నిటికంటే గట్టిది. దాని గురించి సరిగా చెప్పలేను. గోరు చీలి రక్తం వస్తోందని తర్వాత చూసుకున్నాను. ఎవరెవరికి మొక్కానో జాబితా రాస్తే నా పరువు పోతుంది. కొసలు విడిపోయి నా ఒళ్ళో అటొకటి ఇటొకటి పడ్డాయి. ఫోన్లో గుర్రం పరిగెత్తింది. టకటకటకటకా, ఆగకుండా, తిరిగి నడకలోకి దిగకుండా.

కాసేపటికి బావ గొంతు. "ఒరేయ్... హార్ట్ రేట్ వచ్చిందటరా. ఇప్పుడే నర్సు వచ్చి చెప్పింది."

"విన్నాను బావా" అన్నాను. విన్నానంటే ఏమిటని బావ అడగలేదు. ఇద్దరం ఏడుస్తున్నాం, అడిగే తీరిక లేదు.

అయినా ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. మెడ చుట్టూ తాడు మూడు చుట్లు ఉందట, కానీ వదులుగా. మూడు అనగానే మీకు ఒళ్ళు జలదరించి ఉంటుంది. డాక్టరమ్మకి జలదరించలేదు. ఇది మామూలే, తల్లిని పక్కకి తిప్పితే, ఆక్సిజన్ పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది అంది. నేను బుద్ధిగా తలూపాను. ఆవిడ మాట నిజమే అయ్యుంటుంది. నాకూ అదే కావాలి.

ఆకుదండని ఆంటీ మోమీ టీ మొక్క మొదట్లో మట్టిలో కలిపేసింది. అమ్మకి మేమెవరం చెప్పలేదు. తను వేసిన మూడు ముళ్ళే మనవరాలిని కాపాడాయని ఆవిడ గుంటూరు నుంచి న్యూజెర్సీ దాకా ఫోన్లలో చెప్పింది. చెప్పుకోనీ.

ఆవిడకి అంతకంటే పెద్ద పని ఇంకొకటి పడింది. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకి గండమట. పురుడయ్యేదాకా పిల్ల మొహం నేను చూడకూడదు, ఆ రోజైనా ముందు నూనెలో దాని నీడ చూడాలి. ఒకే ఇంట్లో, ఇంటద్దెలో వాటా ఇస్తూ, పిల్ల హాల్లో ఉంటే నేను మెట్ల మీదే ఆగిపోయేవాణ్ణి. "రేయ్, రావచ్చు" అని అక్క కేకేస్తే అప్పుడు కాఫీకి దిగేవాణ్ణి. పాత రోజులైతే ఎంత వెక్కిరించేవాణ్ణో. కిక్కురుమనలేదు.

పదకొండో రోజు కంచంలో నువ్వులనూనె పోసి, అక్క పిల్లని దాని మీదికి వంచింది. నూనెలో ఎర్రటి చిన్న మొహం, నన్ను చూసి ఆవులించింది. నా ప్రేక్షకులందరూ చేసేదే.

అది అయ్యాక బావా నేనూ పెరట్లో కూర్చున్నాం. "ఆ రోజు నువ్వు ఫోన్ మానిటర్ దగ్గర పెట్టి మంచిపని చేశావు బావా, లేకపోతే నాకు పిచ్చెక్కేది" అన్నాను.

బావ నావైపు వింతగా చూశాడు. "నన్ను గదిలో ఎక్కడుండనిచ్చార్రా? అప్పటికే బయటికి పంపేశారు. కారిడార్ చివర వెండింగ్ మెషీన్ పక్కన నిలబడ్డాను. నువ్వు చేస్తే ఎత్తాను గానీ, నోరు పెగల్లేదు. అలా పట్టుకుని నిలబడ్డానంతే."

"మరి ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?"

ఆంటీ మోమీని అడిగాను. విన్నానంది. నువ్వు వినలేదా అన్నట్టు మొహం పెట్టింది. అది సాక్ష్యమో కాదో మీరే తేల్చుకోండి.

నేను ఊరుకోలేదు. ఒకరోజు పనిగట్టుకుని ఆ హాస్పిటల్‌కి వెళ్ళాను. ఆ అంతస్తులోకి ఊరికే రానివ్వరు. పూలగుత్తి పట్టుకుని, ఎవరికో మామయ్య మొహం పెట్టుకుని వెళ్ళాను. వెండింగ్ మెషీన్ పక్కన, బావ నిలబడ్డానన్న చోటే నిలబడ్డాను. గదుల తలుపులు దూరంగా, మూసి ఉన్నాయి. మెషీన్‌కి చెవి ఆనించాను. ఒకావిడ నన్ను చూసి పిల్లాణ్ణి అవతలి పక్కకి మార్చుకుంది. గుర్రుమని ఒకటే మోత, ఎగుడు లేదు, దిగుడు లేదు. చాలాసేపు విన్నాను. మనసులో ఎంత బతిమాలుకున్నా అది పరిగెత్తలేదు. చిప్స్ ప్యాకెట్ కొనుక్కుని వచ్చేశాను.

నా మేనకోడల్ని చూడ్డానికి పదకొండు రోజులు పట్టింది. వినడం మాత్రం అది పుట్టకముందే విన్నాను, ఊరికి ఆ చివర, చప్పుడు లేని ఒక ఫోన్లోంచి. ఎలాగని అడక్కండి. మిగతా అన్నిటికీ నా దగ్గర జోకుంది, దీనికి ఇప్పటికీ దొరకలేదు.