ముందు శివారు

కాకినాడలో మేము అద్దెకున్న ఇంటి ఓనరుగారు డాబా మీద, మట్టి లేకుండా పైపుల్లో పారే నీళ్లతోనే పాలకూర పెంచేవారు. పొద్దున్నే పైకెళ్తే ఆవిడ ఎప్పుడూ పైపు చివరి మొక్క దగ్గరే వంగి కనిపించేవారు. "ముందు శివారు చూడాలండి" అనేవారు. వాళ్ల పుట్టింటి పొలం కాలవ శివార్న ఉండేదట. ఎగువ చేలన్నీ తడిశాకే వాళ్లకి నీళ్లందేవట.

ఒకసారి పైపు మొదట్లో మొక్కలు ఏపుగా పెరిగి, చివర్లోవి వేలెడంత దగ్గరే ఆగిపోయాయి. పైపులు బిగించినాయన వచ్చి, గిడసబారినవి పీకేసి కొత్త నారు పెట్టమన్నాడు. ఆవిడకి మనసొప్పలేదు. మొదటి మొక్కల వేళ్లు పైపు నిండా అల్లుకుని ఎరువునీళ్లకి అడ్డుపడుతుంటే, వాటిని కాస్త కత్తిరించి, చివరి మొక్కల్ని మొదటికి, మొదటివాటిని చివరికి మార్చారు.

"కాలవకి వంతులు పెట్టుకోమా, ఇదీ అంతేనండి."

కోతనాటికి వాటిలో ఏది శివారుదో నేను పోల్చుకోలేకపోయాను.

తర్వాత ద్రాక్షారామంలో వాళ్లమ్మాయి పెళ్లి. వడ్డనకి మనుషులున్నా బూరెల పళ్లెం ఆవిడే అందుకున్నారు. మగపెళ్లివారు బంతి మొదట్లో కూర్చున్నారు. ఆవిడ వాళ్లని దాటుకుని నేరుగా ఈ చివరికొచ్చి, నా ఆకులో బూరె వేశారు.

"ఏంటి చెల్లెమ్మగారూ, మమ్మల్ని మరిచిపోయారా?" అన్నారు పెళ్లికొడుకు తండ్రి, అక్కణ్ణుంచే.

"మీరు కాలవ మొదట్లో ఉన్నారు అన్నయ్యగారూ, మీకు భయమేంటి" అంటూ, ఆవిడ రెండో బూరె నా పక్కనున్న పెళ్లిబస్సు డ్రైవరు ఆకులో వేశారు.