బిగబట్టడం నేర్పిన ఊళ్లో సరిత

నకరికల్లు దగ్గర మిరపకోతకు పోయే ఆడవాళ్లు పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్లు ముట్టరు. తాగితే చాటుకు పోవాలి. చేలో చాటెక్కడిది? ఉన్నా, కాయలు కోసిన చేతులతో పోతే ఆ మంటకు ప్రాణం పోయినంత పనవుతుంది. "ఆడది బిగబట్టుకోవాల" అని పన్నెండో ఏట సరితకు వాళ్లమ్మ నేర్పింది. పదిహేనేళ్లు బుద్ధిగా బిగబట్టింది. బళ్లో నేర్చింది మరిచిపోతాం గానీ, ఒళ్లు నేర్చింది ఊరికే పోతుందా?

పెళ్లయి రెండేళ్లు. భర్త కోటేశ్వర్ క్వారీలో టిప్పర్ నడుపుతాడు, మొరటువాడేం కాదు. అయినా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె లోపల గోడ కట్టినట్టు బిగుసుకుపోయేది. కోసినట్టు నొప్పి. పళ్ల బిగువున ఓర్చుకుంది. ఓర్చుకున్నకొద్దీ ఇంకా బిగుసుకుంది. చివరికి నొప్పని చెప్పి వద్దంది. కోటేశ్వర్ ఏమీ అనకుండా చాప వరండాలో వేసుకున్నాడు. అది చూసిన అత్త నాంచారమ్మ వీధి కొళాయి దగ్గర ఎత్తుకుంది, కొడుక్కి పనికిరాని దాన్ని అంటగట్టారని. ఇక ఊరికి మైకు అక్కర్లేకపోయింది.

సరిత ఒక్కతే బస్సెక్కి నరసరావుపేట పోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, పుండూ ఇన్‌ఫెక్షనూ లేవని తేల్చి, ఫిజియోథెరపీ చేసే ప్రేమలత దగ్గరికి పంపింది.

"ఒంటేలు ఆపే కండరాలే ఇవి. నీ వాటికి బిగుసుకోవడం ఒక్కటే తెలుసు, వదలడం మరిచిపోయాయి. నీ తప్పు లేదమ్మా," అంది ప్రేమలత.

పొత్తికడుపు దాకా ఊపిరి తీసుకుని, విడిచేటప్పుడు ఆ కింది కండరాలన్నీ వదులు చెయ్యడం నేర్పింది. ఆ తర్వాత ఒక వేలితో, ఆపైన సన్నటి నున్నటి గొట్టంతో, కొద్దికొద్దిగా లోపల అలవాటు చేసుకోవాలి. నొప్పి పుడితే ఆగిపోవాలి. నెలలు పడుతుంది. నీళ్లు తాగాలి, బిగబట్టకూడదు. సరితకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. రెండేళ్లు తనని తనే తిట్టుకుంది మరి.

ఆమె మూడోసారి పేట వెళ్లొచ్చిన వారంలోనే నాంచారమ్మ పెద్దమనుషుల్లో పెట్టింది. కోడల్ని పంపేసి కొడుక్కి మారుపెళ్లి చెయ్యాలని ఆమె పంతం. ఆడపిల్ల తరఫున అన్నో తండ్రో మాట్లాడతారు, ఆమె గడప లోపల నిలబడుతుంది, అదీ అక్కడి రివాజు. సరిత వాళ్లన్న గొంతు సవరించుకునే లోపే ఆమె గడప దాటి వచ్చింది.

"నేను పనికిరాందాన్ని కాదు. లోపల కండరాలు బిగుసుకుని నొప్పి పుడతంది. మందుంది, చేయించుకుంటన్నా. నయమయిందాకా నన్నెవరూ తొందరపెట్టడానికి ఈల్లేదు."

పెద్దమనిషి మల్లేశ్వరరావు తల వంచుకున్నాడు. "ఇట్టాంటియి నలుగుట్లో మాట్టాడతారేందమ్మా?"

"నలుగుట్లో పెట్టింది నేను కాదు బాబాయ్. నన్ను పనికిరాందన్నప్పుడు అందరూ విన్నారు గదా. జవాబు కూడా వినండి."

"సిగ్గుండాల," అంది నాంచారమ్మ.

"చానా ఉండేది అత్తా. పదిహేనేళ్లు నీళ్లు కూడా తాగనియ్యలా."

నాంచారమ్మదీ నలభై ఏళ్ల మిరపకోతే.

మల్లేశ్వరరావు కోటేశ్వర్ వైపు తిరిగి, నువ్వేమంటావని అడిగాడు. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నవాడు పెళ్లాం మొహంలోకి చూశాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"నొప్పి అన్నప్పుడు వరండాలోకి పోయినావు గానీ, ఏందని అడిగినావా?"

"మళ్లీ ఎప్పుడు పోవాల?"

"బుధవారం, ఆరున్నర బస్సుకి. నువ్వొస్తే ఇద్దరం పోతాం. రాకపోతే నేనొక్కదాన్నే పోతా."