కూలర్ల పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన వారం నిద్రలోనే కన్నుమూసింది. వెళ్ళేముందు సందులో అందరి కూలర్లకూ కొత్త గడ్డి పెట్టేసింది. పని సగంలో వదిలే మనిషి కాదు.

సూరత్‌లో, ఉన్ అనే పేట దగ్గర మా సందు ఎంత ఇరుకంటే, ఆమె కిటికీలోంచి చెయ్యి చాపితే మా కిటికీలోంచి ఉప్పు పొట్లం అందుకునేది. మగ్గాల మోటార్లు బాగుచేసే భర్త దగ్గరే పని నేర్చుకుంది. ఆయన పోయాక కూలర్లు బాగుచేసి ఇల్లు నడిపింది. మాకు చుట్టమేమీ కాదు. మా అమ్మను ‘చెల్లె’ అనేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. నోరు మాత్రం గట్టిది. కూలర్ ఆగిందని ఎవరైనా పరుగెత్తుకొస్తే వెంటనే లేచేది కాదు.

“ముందుగాల ప్లగ్గు సూసినవా? పంపుల పాచి కడిగినవా? గవి సూసి అప్పుడు రా” అని తరిమేది. సగం మంది మళ్ళీ వచ్చేవారే కాదు. కూలర్ నీచువాసన కొడుతోందంటే, “గన్ని దినాల నీళ్ళు నువ్వు తాగుతవా?” అనేది. ఆ తిట్లంటే నాకు భలే ఇష్టం.

నిరుడు ఎండాకాలం అమ్మకు కరోనా వచ్చింది. ముందు గది అమ్మకిచ్చి నేను వంటగదిలోకి మారాను. అమ్మ గది పక్క గోడకు కూలర్ ఉంది. సందువైపు కిటికీని మాత్రం నేనే గట్టిగా మూశాను. కూలర్ ఎంతసేపు తిరిగినా గది చల్లబడలేదు. దుప్పటి తడితడిగా అయిపోయింది. “ఉక్కపోస్తుంది బిడ్డా, పానం పోతున్నట్టుంది” అని అమ్మ మూలిగింది. పంపు కడిగాను, నీళ్ళలో ఐసు వేశాను. ఇంకా జిగటగా తయారైంది. నాకు ఏడుపొచ్చింది. గడపలో నిలబడి పెద్దమ్మను కేకేశాను.

“కిటికీ తెరిసే ఉందా?” అంది.

“మూసిన పెద్దమ్మా. తెరిస్తే ఆ గాలి సీదా మీ ఇంట్లకే కదా.”

ఆమె తన కిటికీ వైపు చూసింది. అప్పటికి ఆమె ఒక్కతే ఉంది. కొడుకూ కోడలూ సొంతూరికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు.

“కూలర్ గాలి లోపలికొస్తె సాలదే పోరి, బయటికి పోవాలె. లేకుంటే తేమంతా లోపల్నే ఉంటది. నా కిటికీ నేను మూసుకుంట. నీది తెరువు.”

“మరి నీ కూలర్?”

“బంద్ జేస్త. విసనకర్ర లేదా నాకు?”

ఆమె కిటికీ మూసుకుంది, నేను తెరిచాను. అమ్మకు జ్వరం తగ్గించింది కూలర్ అని చెప్పను. కానీ ఆ మధ్యాహ్నం అమ్మ హాయిగా నిద్రపోయింది. అమ్మ లేచి తిరిగేదాకా పెద్దమ్మ మధ్యాహ్నాలు వెనక గుమ్మంలో కూర్చుని విసురుకుంటూ గడిపింది. తర్వాత ఆ మాట ఎత్తితే, “అయితే ఏంది?” అని కసిరింది. అలాంటి మనిషి మా ఎదురింట్లో ఉండటం మా అదృష్టం.

ఆమె పోయిన రోజు నుంచి ఆ కిటికీ మూసే ఉంది. నిన్న ఎండ మండిపోతోంది. అమ్మ కూలర్ పెట్టి, మా కిటికీ తెరిచి, ఎదురింటి కోడలిని పిలిచింది.

“బిడ్డా, జర మీ కిటికీ తెరువరాదు. మా గాలి మీకూ వస్తది.”

కోడలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి తెరిచింది. మా గాలి సందు దాటింది. పెద్దమ్మ మంచం దగ్గరి పరదా మెల్లగా ఊగింది.