లోపల చూసి తిట్టమన్న మేస్త్రి

మన్నాఏఖేళ్ళిలో హైవే పక్కన కార్లు బాగుచేసే మేస్త్రి మామ పోయిన సోమవారం చనిపోయాడు. పొద్దున షాపు షట్టర్ ఎత్తి, ఛాతీ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడట. ఆసుపత్రి దాకా కూడా అందలేదు. ఫోన్ వచ్చినప్పుడు నేను చిద్రిలో మా ఇంటి ముందు కారు కడుగుతున్నాను. "మామ పోయిండురా" అన్న మాట వినగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇంకొక్కడు మిగిలాడు మామా! ఆ ఒక్కడికీ చెప్పేసి నీ దగ్గరికి వచ్చేవాణ్ణి గదా!

ఆ ఒక్కడి సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి. మామ నాకు చుట్టం కాదు. రోడ్డు మీద అందరికీ మామే.

నేను బీదర్ నుంచి హైదరాబాదుకు కిరాయికి కారు నడుపుతాను. టర్బో ఇంజిన్, అంటే గాలిని బలంగా లోపలికి ఊది బండికి ఊపునిచ్చే చిన్న చక్రం ఉన్నది. కాలేజీ మధ్యలో ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. బస్టాండులో, సభల దగ్గర ఎవరు ఏ కరపత్రం చేతిలో పెట్టినా జేబులో దాచుకుని, సవారీ కోసం ఆగిన చోటల్లా చదివేవాణ్ణి. ప్రతి ఖరీదైన వస్తువు వెనకా ఒక దొంగ ఉంటాడని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోనివ్వను కూడా.

నిరుడు ఆయిల్ మార్పించడానికి మామ దగ్గరికి వెళ్ళినప్పుడు ఫిల్టర్ నేనే కొని పట్టుకెళ్ళాను. టర్బో లేని చిన్న పెట్రోల్ కారుకు వేసే చవకది అది. షాపులో సరిచూసే తెచ్చాను. మర సరిగ్గా కూర్చుంటుంది. రబ్బరు రింగు సరిపోతుంది. ఇంకేం కావాలి?

మామ దాన్ని చేతిలో తిప్పి చూసి వెనక్కి ఇచ్చాడు. "ఇది నీ బండిది కాదు అల్లుడా."

"చూడీ కలిసింది గద మామా." మరని మా వైపు చూడీ అంటాం.

"చూడీ కలిస్తె సాల్తదా? చెప్పు సైజు కలిసిందని పిల్లనిస్తమా ఎవనికన్న? బండి పుస్తకంల రాసిన నంబరుది తే."

"ఆ నంబరుది అమ్మిపెడితే కంపెనీవాళ్ళు నీకేమిస్తరు మామా?"

బెంచీ మీద చాయ్ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులు దించారు. మామ గుడ్డతో చేతులు తుడుచుకుని, "నేనైతె బిగియ్య" అని మాత్రం అన్నాడు. నేను వేరేచోట బిగించుకున్నాను.

అంతటితో ఊరుకున్నానా? ఆ సాయంత్రమే కూర్చుని కరపత్రం రాశాను. 'ఫిల్టర్ పేరుతో దోపిడీ!' పేరు పెట్టలేదు, 'మన్నాఏఖేళ్ళి రోడ్డు మీది ఒక మేస్త్రి' అన్నాను. ఎవరికి తెలియదు ఎవరో! నలభై కాపీలు జిరాక్స్ తీయించి, స్టాండు స్టాండుకూ తిరిగి నా చేత్తో పంచాను. కొద్ది రోజుల్లోనే మామ షాపు ముందు బెంచీ ఖాళీ అయింది. నేను హారన్ కొట్టుకుంటూ దాటిపోయేవాణ్ణి, గెలిచినవాడిలా.

రెండు నెలలకు నా బండి మొరాయించింది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు క్షణాలు గరగరమనేది. ఎత్తు ఎక్కేటప్పుడు లాగేది కాదు. ఇద్దరు మేస్త్రీలకు చూపించాను, ఏమీ దొరకలేదన్నారు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసి మామ షాపు ముందు ఆపాను.

"ఏం అల్లుడా, అన్నం తిన్నవా?" అన్నాడు. అంతే! కరపత్రం మాట లేదు.

ఆ మధ్యాహ్నం నేను చూసింది ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. నా ఫిల్టర్ ఊడదీశాడు. పుస్తకంలో ఉన్న నంబరుది కొత్తది తెచ్చి దాంట్లోనూ ఆయిల్ నింపాడు. రెండింటికీ నడిమి రంధ్రంలో చెక్క బిరడాలు కొట్టి, రెండు చాయ్ గ్లాసుల మీద బోర్లించాడు. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి నా ఫిల్టర్ ధారగా కారింది. రెండో గ్లాసులో చుక్క పడలేదు!

"లోపట రబ్బరు పొర ఉంటది. బండి ఆగినంక ఆయిల్ కిందికి జారిపోకుండ అది పట్టుకుంటది. నీ దాంట్ల పొర వేడికి అప్పడమైంది. తెల్లారి నువ్వు చాబీ తిప్పంగనే టర్బో గిర్రున తిరుగబట్టె. ఆయిల్ ఏది? ఇంక రాలే! ఎండు గొంతుతోని ఉరికిచ్చినట్టు దాన్ని."

తర్వాత ఇనుము కోసే ఆక్సా బ్లేడుతో నా ఫిల్టర్ని కోశాడు. లోపలి కాగితం మడతలు ఒకచోట గుంపుగా, ఒకచోట ఖాళీగా ఉన్నాయి. అంచున జిగురు ఊడిపోయి ఉంది. ఆయిల్ వడకట్టుకోకుండానే ఆ సందులోంచి దాటిపోతోందన్నమాట. కాగితం మూసుకుపోతే తెరుచుకోవాల్సిన స్ప్రింగును వేలితో నొక్కి చూపించాడు. ముట్టుకుంటే చాలు, తెరుచుకుంది. ప్రతి ఇంజిన్‌కూ ఆ స్ప్రింగు బలం వేరుగా ఉంటుందని, పుస్తకంలో నంబరు రాసేది అందుకేనని అప్పుడు తెలిసింది. కాగితాన్ని ఎండలో పరిచి నా తల వంచాడు. పసుపు మెరుపులు, సన్నటి రవ్వలు.

"ఇది నీ టర్బో బేరింగ్ పొడి, అల్లుడా."

ఆయన టర్బో పైపు విప్పి, ఇరుసును రెండు వేళ్ళతో ఊపి చూశాడు. "అరిగింది గని గీత దాటలే. బతికింది." సరైన ఫిల్టర్, కొత్త ఆయిల్ వేశాడు. ఆ బండి ఈ రోజుకీ ఎత్తు మీద దూకుతోంది!

కోపిష్టినే గానీ కళ్ళు లేనివాణ్ణి కాదు. "తప్పయింది మామా" అన్నాను.

"ఇంజిన్ నీ సిద్ధాంతం తాగదుర, ఆయిలే తాగుతది" అని నవ్వి, మెల్లగా అన్నాడు: "తిట్టు, వద్దంటలేను. తిట్టేటోడు ఉండాలె. గని లోపట సూసి తిట్టు. నాకేం చెప్తవు తప్పయిందని? ఆ కాగితం ఎంతమందికిచ్చినవో, అంతమందికి చెప్పిరా."

కోసిన ఫిల్టర్ని సంచీలో వేసుకుని మళ్ళీ అవే స్టాండ్లు తిరిగాను. "ఏందిర, నిన్న దొంగన్నవు, ఇయ్యాల దేవుడంటున్నవు?" అని నవ్వినవాళ్ళున్నారు. దేవుడనలేదు, మేస్త్రి అన్నాను. బెంచీ మెల్లగా నిండింది. నేనూ ఆ బెంచీ మీదే కూర్చుని చూస్తుంటే అసలు మామ తెలిసివచ్చాడు. తన చేతికి వచ్చిన ప్రతి పాత ఫిల్టర్నీ కోసేవాడు. మెరిసే డబ్బాలో వచ్చిన ఖరీదైన దాంట్లో జిగురు తప్పితే, "సూడు, షేర్వానీ లోపట చిరుగు బనీను!" అని దాన్ని అమ్మినవాడికే తిప్పి పంపేవాడు. చిన్న కంపెనీది పుస్తకంలోని కొలతలకు తగ్గట్టుండి, పొర మెత్తగా, మడతలు సమంగా ఉంటే మెచ్చుకుని బిగించేవాడు. ఇలాంటి మనిషిని నేను కంపెనీ ఏజెంటని రాశాను!

ముప్పై తొమ్మిది మందికి చెప్పాను. నలభయ్యో మనిషి నిర్ణా ఊరి డ్రైవర్ అన్న, బండి తీసుకుని కిరాయిలకు ఉద్గీర్ వైపు వెళ్ళాడు. ఫోన్‌లో చెప్పేది కాదని ఆగాను. ఈలోగా మామే వెళ్ళిపోయాడు.

మట్టి ఇచ్చి వచ్చిన మూడో రోజు మన్నాఏఖేళ్ళి బజారులో ఆ అన్న కనిపించాడు. కారు నిండా పెళ్ళికి వెళ్ళే ఓ కుటుంబం, డిక్కీలో సంచులు. కిటికీ పట్టుకుని ఆపేశాను. "అన్నా, నేనిచ్చిన కాగితం అబద్ధం! చెప్పిరమ్మన్నడు మామ."

"ఏ కాగితం? ఓ, అదా! సదువనే లేదుర. దాంట్ల మిర్చీలు కట్టిచ్చుకున్న."

నేను మొహం వేలాడేశాను. ఆయన జాలిపడి, "మామ చెప్పుమన్నడా? అయితె చెప్పు" అన్నాడు.

చెప్పాను. పొర, స్ప్రింగు, మడతలు, పసుపు రవ్వలు, అన్నీ ఒక్క ఊపిరిలో. వింటూ వింటూ ఆయన నవ్వు ఆగిపోయింది. "నా బండి సుత టర్బోనే. పోయిన వారం ఉద్గీర్ల ఫిల్టర్ ఏపిచ్చిన. చూడీ కలిసిందన్నడు వాడు." తాళం చెవి తీసి దిగి, వెనక తలుపు తెరిచాడు. "దిగుండ్రి అమ్మా. ఈ బండి ఇయ్యాల కదలది."

పెళ్ళివాళ్ళు తిట్టని తిట్టు లేదు. సంచులన్నీ నా కారులోకి మార్చి, వాళ్ళను ఎక్కించుకుని బయల్దేరాను. "ఏమైందయ్యా ఆయనకు, మంచిగనే నడుస్తుండె గద బండి?" అని వెనక సీట్లో పెద్దావిడ అడుగుతూనే ఉంది. అద్దంలో చూశాను. నడి ఎండలో బానెట్ ఎత్తి ఉన్న కారు, దాని పక్కన రాయి మీద తలకు తువ్వాలు చుట్టుకుని ఆ అన్న. ఎదురుగా ఒక్కో సవారీ వచ్చి అడుగుతుంటే, చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.