ముందే చెప్పిన స్తోత్రం

మా ప్రార్థన కూటం పెద్ద, మేమంతా అంకుల్ అని పిలిచే ఆయన పోయారని నాకు మొదట చెప్పింది అప్పట్లో మా కూటంలోనే ఉండి, ఇప్పుడు ఇన్వర్‌కార్గిల్‌లో ఉంటున్న విమల, ఫోన్ చేసి. "ఆ రోజు కొండమీద మనల్ని కాపాడిన మనిషి!" అని ఏడ్చింది. నాకు ఏడుపుతోపాటు కాస్త నవ్వూ వచ్చింది, ప్రభువు క్షమించుగాక.

అంకుల్‌కి దేనికైనా ముందే కృతజ్ఞతలు చెప్పడం అలవాటు. మేమంతా న్యూజిలాండ్ వచ్చి పామర్‌స్టన్ నార్త్ ఊళ్లో కొత్తగా సెటిల్ అవుతున్న రోజుల్లో, ఒక శనివారం రిజర్వాయర్ దగ్గర కార్లు ఆపి, కొండెక్కడానికి నిలబడ్డాం. శిఖరం చేర్చినందుకు దేవుడికి స్తోత్రం చెబుతూ అంకుల్ ఆ నీళ్ల ఒడ్డునే ప్రార్థన ఎత్తుకున్నారు. కళ్లు మూసుకునే ముందు శిఖరం కనిపిస్తూనే ఉంది. ఆమెన్ అని తెరిచేసరికి అక్కడ మబ్బే ఉంది.

సగం దారిలో ఆ మబ్బు మా మీదికే దిగింది. బాట కనిపించడం లేదు, పక్కన లోయ. నా పిల్లలిద్దరూ వణుకుతున్నారు.

"నడవండి! స్తోత్రం చెప్పేశాక వెనక్కి తిరిగితే దేవుడి ముందు ఏం మొహం పెట్టుకుంటాం?" అన్నారు అంకుల్.

ఆయన భార్య, మా ఆంటీ, బాటకడ్డంగా కూర్చున్నారు. "మొహం సంగతి మీరూ ఆయనా చూసుకోండి. పిల్లల్ని నేను కిందికి తీసుకెళ్తా. రండ్రా!" అని లేచి దిగసాగారు. పిల్లల వెనక మేము, మా వెనక గొణుక్కుంటూ అంకుల్.

మర్నాడు కూటంలో ఆయన సాక్ష్యం చెప్పారు: "వెనక్కి తిరగమని మబ్బులో ప్రభువు నాతో మాట్లాడాడు." అందరం హల్లెలూయా అన్నాం. ఆంటీ కూడా అన్నారు, అందరికంటే మెల్లగా. ఆ సాక్ష్యం ఏళ్లతరబడి విన్నాం. ప్రతిసారీ ప్రభువు మాట పొడుగయింది, ఆంటీ ఊసు మాత్రం రాలేదు.

అంకుల్ కోసం ప్రార్థించేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు మోకరించినప్పుడు ఆంటీని తలుచుకోండి. నా పిల్లలు నాకు దక్కింది, దేవుడి తర్వాత, ఆవిడ వల్లే.