దబ్బకాయ ఊరగాయ, మా అక్క చెయ్యి

ఊరగాయ పాడైతే ఉప్పు సంగతి అడక్కుండా కలిపిన చేతిని తిట్టేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అక్కని నందిగామలో ఇచ్చారు. వాళ్ళ పెరట్లో బావి పక్కన ఒక దబ్బచెట్టు ఉండేది. నేను లెక్కపెట్టిన ఏడాది నూట పద్దెనిమిది కాయలు కాసింది. ఆ వీధిలో ఇళ్ళు పద్నాలుగు. ఆ చెట్టుతో పనిపడని ఇల్లు ఒక్కటీ లేదు. వేసవిలో మజ్జిగలోకి ఆకు, పండక్కి పులిహోరలోకి రసం, కడుపులో తిప్పితే వాసన చూడ్డానికి నలిపిన ఆకు. జ్వరం తగ్గి పథ్యం పెట్టే రోజున మాత్రం నిలవున్న దబ్బకాయ ముక్కే కావాలి. నాలుగు రోజుల లంఖణం తర్వాత చేదెక్కిన నోటికి ఇంకేదీ సయించదు. అందుకని ఆ ఊరగాయ పాడవడమంటే అక్కడ చిన్న సంగతి కాదు.

వీధి మొత్తానికీ దాన్ని కలిపేది అక్కే. "నీ హస్తవాసి మంచిదమ్మా" అంటూ కార్తీకంలో ఇంటింటికీ పిలిచేవాళ్ళు. అత్తారింట్లో అక్క మాటకి విలువున్నది ఆ ఒక్క నెలే. మిగతా పదకొండు నెలలూ ఆమె ఉందో లేదో ఎవరికీ పట్టేది కాదు.

అక్క కొలత ఎప్పుడూ ఒకటే. వీశె ముక్కలకి శేరు ఉప్పు. వీశెకి ఐదు శేర్లు కాబట్టి ఉప్పు ఐదో వంతు. కిలోలు వచ్చిన కొత్తల్లో పాత తూనికరాళ్ళని బావ ఇనుప సామాను కింద ఇచ్చేశాడు. అక్క నాకు కబురు పెట్టింది, కొత్త రాళ్ళతో ఎంత వెయ్యాలో రాసి పంపమని. నేనప్పుడు జగ్గయ్యపేటలో ఒక పచారీ కొట్లో గుమాస్తాని. బడిలో చదివింది ఐదో క్లాసే అయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నానని కొంచెం గర్వం ఉండేది. కొట్టుకొచ్చే ప్రతివాడూ అనే మాట పట్టుకుని రాసేశాను. వీశె అంటే కిలోన్నర, శేరు అంటే పావుకిలో. పదిహేను కిలోల ముక్కలకి రెండున్నర కిలోల ఉప్పు.

అక్క అలాగే వేసింది. నలభై మూడు కాయలు, మూడు జాడీలు. నెల తిరక్కుండా మూడింటికీ బూజు పట్టింది.

పుష్యమాసంలో నేను వెళ్ళేసరికి జాడీలు బావిగట్టు మీద బోర్లించి ఉన్నాయి. అక్క వాళ్ళ అత్తగారు అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళకి వినపడేలా చెబుతోంది.

"మా కోడలి చెయ్యి మారిపోయిందమ్మా. ఏ పాపిష్టి గడియలో మారిందో, నలభై కాయలు పెంటకుప్ప పాలు!"

నేను సుద్దముక్క తీసుకుని ఆ అరుగు మీదే లెక్క వేశాను. వీశె అసలు పద్నాలుగొందల గ్రాములు. దాన్ని పైకి సవరించాను. శేరు రెండొందల ఎనభై. దాన్ని కిందికి సవరించాను. ఒకటి పైకీ ఒకటి కిందికీ. పదిహేను కిలోలకి మూడు కిలోల ఉప్పు పడాలి. అరకిలో తగ్గింది.

"తప్పు నాదత్తయ్యా. అక్కది కాదు. ఇదిగో చూడండి."

ఆవిడ సుద్దగీతల వంక కూడా చూడలేదు. "తోడబుట్టినవాడివి, వెనకేసుకు రాకేం చేస్తావు? అరకిలో ఉప్పుకి బూజొస్తుందా ఎక్కడన్నా?"

బావ పక్కనే ఉన్నాడు. చుట్ట వెలిగించుకున్నాడంతే. నువ్వైనా చెప్పమని అక్కని అడిగితే, "వదిలేయరా, నా చెయ్యే అయ్యుంటుంది" అంది. అత్తగారి మాట కన్నా ఆ మాటకి నాకు ఎక్కువ కోపం వచ్చింది.

చెట్టున ఇంకా కాయలున్నాయి. రెండు చిన్న జాడీలు అడిగాను. ఒక్కోదాంట్లో కిలోన్నర ముక్కలు. ఒకదాంట్లో నేను రాసిచ్చిన ప్రకారం పావుకిలో ఉప్పు, రెండోదాంట్లో మూడొందల గ్రాములు. రెండూ నా చేత్తోనే, అందరూ చూస్తుండగా కలిపాను. జాడీల మూతులకి గుడ్డ వాసెనలు కట్టి ఆవిడ కళ్ళెదుటే గూట్లో పెట్టాను.

నలభై రోజులకి మళ్ళీ బస్సెక్కి వెళ్ళి వాసెనలు విప్పాను. పావుకిలో జాడీ మీద తెల్లగా బూజు. మూడొందల జాడీలో ముక్క బంగారంలా ఉంది. అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని చప్పరించింది.

"నీ చెయ్యెంత మంచిదయ్యా! మీ అక్క చేతిలో పోయింది నీకొచ్చింది. వచ్చే కార్తీకానికి నువ్వే రావాలి."

బూజు పట్టిన జాడీని ఆవిడ ముందుకి జరిపాను. "రెండూ నేనే కలిపా కదత్తయ్యా! మరి ఇదెందుకు బూజు పట్టిందంటారు?" అన్నాను.

"దానికేదో దిష్టి తగిలుంటుందిలే."

గుమ్మం దగ్గర నిలబడ్డ అక్క ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "వీడి చెయ్యా! పప్పన్నం కలుపుకుంటే మోచేతిదాకా కారుతుందండీ వీడికి!" ఆ ఇంట్లో అక్క అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి వినడం.

తర్వాత బావి దగ్గర జాడీ కడుగుతూ నెమ్మదిగా చెప్పింది. "ఆరోజు ఉప్పు వేస్తుంటేనే తక్కువనిపించిందిరా. ఇంకో నాలుగు పిడికిళ్ళు వేద్దామనుకున్నా. నువ్వు రాసిచ్చావు కదా, నీకన్నా నాకు తెలుసా అని ఊరుకున్నా."

ఊరంతా తిట్టిన ఆ చేతికే సంగతి తెలుసు. తెలియనిది నా కాగితానికి.

మరుసటి కార్తీకంలో నేను ఏమీ రాసివ్వలేదు. అక్క పదిహేను కిలోల ముక్కలు తూచుకుని, ఉప్పు మాత్రం పిడికిళ్ళతోనే పళ్ళెంలో పోసింది. ముక్కల్లో కలపబోతుంటే ఆపి, ఆ పళ్ళెంలోదంతా కాటాలో వేసి తూచాను. మూడు కిలోల ముప్ఫై గ్రాములు. బూజు రాలేదు. వీధివాళ్ళు మళ్ళీ పిలవడం మొదలుపెట్టారు. "చెయ్యి తిరిగొచ్చిందమ్మా" అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకున్నారు. పద్నాలుగు ఇళ్ళలో ఒక్కళ్ళు కూడా ఉప్పు మాట ఎత్తలేదు.

ఎక్కడికి పోయిందని తిరిగి రావడానికి?