మిర్చీ సాలన్‌కు పక్కిల్లు

ధూల్‌పేట్‌లో వినాయకుణ్ణి ఎక్కించుకున్న లారీ అడ్డంగా ఆగిపోవడంతో మా సిటీ బస్సు కదల్లేదు. నేను ఒళ్లో లాప్‌టాప్ తెరిచాను. చాలాకాలంగా మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ పద్ధతిలో రాసుకున్న నా నోట్సంతా ముందురోజే వెబ్‌సైట్‌గా మార్చాను. ఒక్కో నోటుకు ఒక్కో పేజీ. చూసుకుని మురిసిపోతున్నాను.

పక్క సీట్లో పెద్దావిడ తొంగిచూసింది. "ఏంది బిడ్డా గది?"

"నేను రాసుకున్నవండీ. ఇది మిర్చీ సాలన్ కూర ఎలా చేయాలో రాసుకున్న పేజీ."

"దీని పక్కకు ఏమున్నది?"

"ఏమీ లేదండీ. మళ్లీ మొదటి పేజీకి వెళ్లి ఇంకోటి వెతుక్కోవాలి."

ఆమె బుగ్గన వేలు పెట్టుకుంది. "గట్లెట్ల? మా బస్తీల ఏ ఇల్లయినా దేని పక్కకున్నదో చెప్తేనే దొరుకుతది. గిదేమో ఒక్కతే ఉన్నది, పాపం. సాలన్ తిన్నంక కడుపు మండదా? మజ్జిగను పక్కకు పెట్టు."

మజ్జిగ మీద నేనేమీ రాసుకోలేదన్నాను.

"ఫికర్ ఎందుకు? నేను చెప్త, రాయి. మాది పాల యాపారమే."

లారీ కదిలినా ఆమె చెప్పడం ఆపలేదు. అల్లం ఎంత దంచాలో, కొత్తిమీర ఎప్పుడు వేయాలో చెబుతూనే తన స్టాపులో దిగింది. నేను కిటికీలోంచి అరిచాను. "మీ ఇల్లెక్కడండీ?"

"మొఘల్‌పురా! పాల దుకాణం పక్కకే!"

ఇప్పుడు నా సైట్‌లో ప్రతి పేజీ అడుగునా 'పక్కిళ్లు' అని ఒక వరుస ఉంటుంది. మిర్చీ సాలన్ కింద మజ్జిగ. మజ్జిగ కింద, నొక్కితే ఏ పేజీ తెరుచుకోకపోయినా, 'మొఘల్‌పురా, పాల దుకాణం పక్కన'.